ఏడు గదులు, ఏడు వేలిముద్రలు

విద్యావతికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ మంగళవారం పొద్దున పదకొండున్నరకు నారాయణగూడ ఫ్లైఓవర్ పక్కనున్న ఆఫీసులో ఆమె మాటలు వినడానికి నగేష్ కుర్చీని టేబుల్ దాకా జరుపుకోవలసి వచ్చింది.

"ఐదో తారీఖు శనివారం, పదకొండు గంటల పది నిమిషాలకు చిక్కడపల్లిల ఉదయశ్రీ చేతికి నోటీసిచ్చిన అని రాసినవ్. ఆ టైముకు ఆమె బషీర్‌బాగ్ బ్యాంకుల తన సీట్ల ఉన్నది. హాజరు కాగితం నా దగ్గరున్నది. మరి సంతకం ఎవరు పెట్టిండ్రు నగేష్?"

నగేష్ నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు పాతికేళ్లుగా తెలుసు. ఇద్దరూ ఒకే రోజు కోర్టులో అమీనాలుగా చేరారు. సమన్లూ నోటీసులూ పట్టుకుని ఇంటింటికీ తిరిగి, ఇచ్చి, సంతకమో వేలిముద్రో తీసుకుని రావడం ఆ ఉద్యోగం. పురుడు జరుగుతున్న ఇంటి తలుపుకు నోటీసు అంటించి వచ్చిన రోజున విద్యావతి ఆ ఉద్యోగానికి దణ్ణం పెట్టి బయటికొచ్చి, చిన్న డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకుంది. నగేష్ కూడా బయటికొచ్చాడు, కానీ నోటీసులు వదల్లేదు. ఇప్పుడు బిల్డర్ల వకీళ్లకు నోటీసులు అందించే ఏజెన్సీ అతనిది.

"ఇంట్ల ఎవరో పెట్టి ఉంటరు అక్కా. కాదంటే చేతిరాత నిపుణుని దగ్గరికి పంపుమను. రిపోర్టు వచ్చేసరికి ఆర్నెల్లు. అప్పటికి ఆ ఫ్లాటుల ఇంకొకరు పాలు పొంగిచ్చుకుంటరు."

అతను అన్నది నిజమే. ఆమెకు మండింది కూడా అందుకే.

వ్యవహారం చూడ్డానికి చాలా శుభ్రంగా ఉంది. అశోక్‌నగర్‌లో స్టడీ హాళ్ల సందు చివర ఒక పాత ఆవరణ. ముందు భాగంలో ఐదంతస్తుల అపార్టుమెంటు లేస్తోంది. వెనక రేకుల కప్పుతో ఏడు గదులు. వాటిలో మహబూబ్‌నగర్ వైపు ఒకే ఊరి నుంచి వచ్చిన మేస్త్రీలూ కూలీలూ ఇరవై ఏళ్లుగా కిరాయికి ఉంటున్నారు. రేటు పెరిగింది కనుక మొదట్లో ఫ్లాటు బుక్ చేసుకున్న ఉదయశ్రీ లాంటివాళ్లు బిల్డర్‌కు ఇప్పుడు బరువు. స్థలం కావాలి కనుక వెనక గదులవాళ్లు అడ్డం. ఉదయశ్రీకి జప్తు నోటీసు వెళ్లింది. పదిహేను రోజుల్లో బదులు చెప్పకపోతే ఒప్పందం రద్దు, కట్టిన అడ్వాన్సు బిల్డర్ పరం. గదులవాళ్లకు ఖాళీ నోటీసు వెళ్లింది. నిరుడు కోర్టులో కుదిరిన రాజీ ప్రకారం పదిహేను రోజుల్లో అభ్యంతరం చెబితే విచారణ జరగాలి, చెప్పకపోతే సామాను బయట. నోటీసు చేతికి అందిన తేదీ ఒక్కటి అబద్ధమైతే ఈ రెండూ కూలిపోతాయి. రెండింటినీ ఒకే రోజు ఇచ్చినట్టు ఒకే ప్రమాణపత్రం మీద సంతకం చేసింది నగేష్.

తనకు నోటీసే రాలేదని ఉదయశ్రీ మొత్తుకుంటోంది. గదులవాళ్లదీ అదే మాట. కానీ గడువు దాటిపోయింది. ఈరోజు సాయంత్రం నాలుగింటికి కోర్టు అనుమతితో పోలీసులను వెంటబెట్టుకుని గదులు ఖాళీ చేయించబోతున్నారు.

విద్యావతి ఫైలు అడిగింది. కోర్టులో వేసిన కాగితాలే కదా అని నగేష్ దాన్ని ఆమె వైపు నెట్టాడు. ప్రమాణపత్రాన్ని ఆమె నిలబడే చదివింది. పదకొండున్నర నుంచి పదకొండు యాభై వరకు ఏడు గదుల దగ్గర. "ఏడుగురు కిరాయిదారులూ స్వయంగా నా ఎదుట నిలబడి, నోటీసు తీసుకుని, తమ బొటనవేలి ముద్ర వేసినారు." కింద ఏడు రశీదు కార్డులు, ఏడు ముద్రలు.

పీర్ల పండుగకు ఆ రోజు వాళ్లంతా ఊరికి పోయారు కదా అని ఆమె అడిగింది. పోయామని వాళ్లంటారు, ఉన్నారని నేనంటున్నాను, కోర్టు ఎవరి మాట వింటుందో నీకు నేను చెప్పాలా అన్నాడు నగేష్. బస్సు టికెట్లు దాచుకునేవాళ్లు ఎవరున్నారని కూడా అన్నాడు.

 ఆమె కార్డుల మీద ముద్రలను చూస్తోంది. గీతలు విడివిడిగా, సుడి తిరిగి, మధ్యలో చుక్కతో సహా స్పష్టంగా పడ్డాయి. ఇరవై రెండేళ్ల కోర్టు ఉద్యోగంలో ఆమె కొన్ని వేల వేలిముద్రలు తీసుకుంది. మేస్త్రీ చేతి నుంచి ఇంత అందమైన ముద్ర ఆమె ఒక్కటి కూడా తీసుకోలేదు. కార్డులనూ ప్రమాణపత్రాన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసుకుని, నాలుగింటికి కలుద్దామని చెప్పి మెట్లు దిగింది. ఆ రోజు ఆమె చేసిన పొరపాటు అక్కడే మొదలైంది. ఫొటోలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసి ఉంటే కథ వేరుగా ఉండేది. ఆమెకు నగేష్ ముఖం మీద నవ్వు తుడిచెయ్యాలన్న తొందర తప్ప ఇంకేమీ పట్టలేదు.

ఒంటిగంట దాటాక గదుల దగ్గరికి చేరింది. మూడో గది పీరయ్యది. అతని భార్య బీరమ్మ గిన్నెలను చీరలో మూట కడుతూ, మళ్లీ విప్పుతూ, ఏం చేయాలో తెలియక అదే పని చేస్తోంది. పీరయ్య గడప మీద కూర్చుని ఉన్నాడు. ఆ ముందున్న అపార్టుమెంటుకు ప్లాస్టరింగ్ చేసింది అతనే. ఎవరి గోడలు కట్టాడో వాళ్లే తన సామాను బయట పారేయబోతున్నారు. ఆ సంగతి చెప్పేటప్పుడు అతని గొంతులో కోపం లేదు. విద్యావతికే వచ్చింది, ఇద్దరికీ సరిపడా.

ఆమె తేదీలు అడిగింది. ఒకటో తారీఖు మంగళవారం ఊరికి పోయారు, పండుగ ముగిసి పీర్లు చల్లబడ్డ తెల్లారి, ఏడో తారీఖున వచ్చారు. పెద్ద పీరును ఎత్తుకునే మొక్కు పీరయ్య ఇంటిదే, అతను పోకుండా పండుగ నడవదు. ఏడు గదుల్లో ఆరింటికి తాళాలు పడ్డాయి. ఈ గదిలో మాత్రం వాళ్ల బిడ్డ ప్రేమ ఉండిపోయింది. సందు మొదట్లో స్టడీ హాల్లో పని చేస్తూ అక్కడే చదువుకునే పిల్ల, పండుగకు సెలవు దొరకలేదు.

"నోటీసులోళ్లు ఎవరన్న వచ్చిండ్రా అని పిల్లను అడిగినవా?" అంది విద్యావతి.

"అడిగినమ్మా. నోటీసులు ఎవ్వలియ్యలె అన్నది. మా ప్రేమ అబద్ధం చెప్పది."

అలా అంటున్నప్పుడు బీరమ్మ ముఖం ఒక్క నిమిషం వెలిగింది. ప్రేమకు కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చింది. శుక్రవారం సర్టిఫికెట్లు చూస్తారు, తర్వాత నడవడిక గురించి పోలీసు విచారణ. అది అయితే ట్రైనింగు. ఆ ఏడు గదుల్లో గవర్నమెంటు నౌకరి వచ్చిన మొదటి మనిషి. ఇల్లు పోయినా ఆ ఒక్కటి ఉంది చాలని బీరమ్మ అంది.

విద్యావతి సంచిలోంచి ఇంకు ప్యాడు తీసింది. పాత అలవాటు కొద్దీ అది ఇప్పటికీ సంచిలోనే ఉంటుంది. పీరయ్య బొటనవేలు పట్టుకుని ప్యాడుకు అద్ది, తెల్ల కాగితం మీద ఒత్తింది. నల్లటి మచ్చ పడింది. ఒక్క గీత లేదు. తుడిచి మళ్లీ ఒత్తింది. మళ్లీ మచ్చే.

"ఊకె ఒత్తకమ్మా. సిమెంటు తిన్నది, ఇంకేముంటది," అన్నాడు పీరయ్య. "రేషన్ షాపుల మిషిను గూడ నన్ను పట్టది. మా ఇంటికి ప్రేమనే పెడ్తది."

మిగిలిన ఆరుగురూ ఆ రోజు పనికి పోలేదు. ఆమె ఒక్కొక్కరినీ పిలిచి కూర్చోబెట్టింది. నలుగురికి మచ్చలే. ఒకరి వేలు మధ్యకు పగిలి ఉంది. ఒకామెకు అక్కడక్కడ రెండు గీతలు పడ్డాయి, అవి కూడా అరిగిపోయినవే. ఇరవై, ముప్ఫై ఏళ్లు సున్నం, సిమెంటు, ఇటుక. ఆ పని వాళ్లకు ఒక మంచి గోడ ఇవ్వలేదు, ఉన్న వేలి గీతలు మాత్రం లాక్కుంది. సందు మూల మీద రేషన్ డీలరు కూడా అదే చెప్పాడు. ఆ ఏడు కార్డులకు పెద్దవాళ్లు ఒంటరిగా వస్తే కంటి మిషను పెట్టాలి, లేకపోతే ఫోన్ నంబరుకు ఓటీపీ రావాలి. వేలు పట్టిన రోజు లేదు.

రెండూ నలభైకి ఆమె ఎస్సై ఇంద్రసేనకు ఫోన్ చేసింది. సామాను ముట్టుకునే ముందు సాక్షులుగా పంచులను నిలబెట్టి వేలిముద్రల పరీక్ష ఒక్కటి చెయ్యమని, అది చెయ్యకుండా ఖాళీ చేయిస్తే రేపు తానే కోర్టు మెట్లెక్కుతానని చెప్పింది. ఇంద్రసేన చెడ్డవాడు కాదు. తన మెడకు ఏదీ చుట్టుకోకూడదన్న జాగ్రత్త ఉన్న మనిషి. సరేనన్నాడు.

సరిగ్గా నాలుగింటికి జీపు వచ్చింది. వెనక లారీ, లారీలో సామాను మోసేవాళ్లు, పక్కన మోటారు సైకిలు మీద నగేష్. విద్యావతి ఆవరణ మధ్యలో స్టూలు వేయించి, ఏడుగురితో వరసగా ముద్రలు వేయించింది. ఎస్సై స్వయంగా చూశాడు. నగేష్ తెచ్చిన ఫైలులో కార్డుల మీది ముద్రలనూ ఈ మచ్చలనూ చూసి తల పంకించాడు. స్టేషన్ రైటరు పంచనామా రాశాడు. కార్డుల మీద ఉన్న ముద్రలు ఈ ఏడుగురివీ కావు. కింద పంచుల సంతకాలు, ఎస్సై సంతకం. నగేష్‌ను కూడా పెట్టమన్నారు. అతను గొణగకుండా పెట్టేశాడు.

అప్పుడైనా ఆమెకు అనుమానం రావలసింది. రాలేదు. నగేష్ నోటీసుల గుట్టు బయటపెట్టిన సంతోషంలో ఉంది.

"ఏడుగురివి కావు, ఒప్పుకున్న," అన్నాడు నగేష్, పెన్ను మూత పెడుతూ. "మరి ఎవరియో అడగవా అక్కా?"

అతను ఫోన్ తీసి ఎస్సై చేతిలో పెట్టాడు. వీడియో. ఐదో తారీఖు, పదకొండూ ముప్ఫై రెండు. ఇదే ఆవరణ, ఇదే మూడో గది అరుగు. సన్నటి అమ్మాయి ఒకతె కూర్చుని ఉంది. ముందు కార్డులు. ఎవరిదో చేయి ఒక్కొక్కటీ జరుపుతుంటే ఆమె ఒక్కొక్క దాని మీదా బొటనవేలు ఒత్తుతోంది. ఏడు సార్లు. మాట వినబడదు.

బీరమ్మ వెనక నుంచి తొంగి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

విద్యావతి తన ఫోన్‌లో ఫొటోలు తెరిచింది. పొద్దుటి నుంచి తన దగ్గరే ఉన్న ఏడు ముద్రలు. ఏడింటి మధ్యలోనూ ఒకే సుడి, ఒకే చుక్క. ఏడూ ఒకే వేలివని పొద్దున్నే చూడనందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

నగేష్ తాపీగా వివరించాడు. పీరయ్య ఇంటికి ప్రేమ సొంత బిడ్డ, మేజరు. ఇంట్లో పెద్ద పిల్ల నోటీసు తీసుకుంటే ఇంటివాడు తీసుకున్నట్టే, ఆ నియమం విద్యక్కకు నాకంటే బాగా తెలుసు, వేలమందికి అట్లాగే ఇచ్చింది. కాబట్టి మూడో గది సామాను ఈరోజే బయటికి. ఇక మిగతా ఆరుగురి పేరున వేలు పెట్టడం అంటారా, అది మోసం, దొంగ ముద్ర. పంచనామా కూడా రాసిపెట్టారు, అక్కకే థాంక్స్ చెప్పాలి. కేసు పెడితే శుక్రవారం సర్టిఫికెట్లు ఏమవుతాయో పోలీసువాళ్లకు తెలియంది కాదు.

"నేను మంచోణ్ణి సార్. పిల్ల బతుకు నాకెందుకు? ఏడు గదులు సప్పుడు చెయ్యకుండా ఖాళీ చేస్తే, ఈ వీడియో నేను తీయనే లేదు."

జీపును చూసి స్టడీ హాలు నుంచి పరుగెత్తుకొచ్చిన ప్రేమ ఆ మాటలు గేటు దగ్గరే విన్నది. విద్యావతి ఆమెను పక్కకు తీసుకుపోయి రెండే ప్రశ్నలు అడిగింది. ఆ కార్డుల మీద ఏం రాసి ఉంది, ఏడింటి మీదా నువ్వెందుకు పెట్టావు.

కార్డుల మీద ఏమీ రాసి లేదు. గవర్నమెంటు ఇచ్చే డబుల్ బెడ్రూం ఇళ్లకు లిస్టు రాస్తున్నారని, ఈరోజే ఆఖరు రోజని చెప్పాడు, అదిగో ఆ మనిషే, అని ప్రేమ నగేష్‌ను చూపించింది. వీళ్ల వేళ్లు కాగితం మీద మసిలా పడతాయనీ, ఆఫీసులో వెనక్కి కొడతారనీ ఆ ఏడిళ్లలో అందరికీ అనుభవం. అందుకే పొదుపు సంఘం కాగితమైనా, సర్వే కాగితమైనా, ఎవరి పేరున వచ్చినా వేలు పెట్టేది ప్రేమే. ఊరి నుంచి వచ్చాక చెప్పింది కూడా, ఇళ్ల లిస్టులో మీ అందరి పేర్లూ పెట్టానని. వాళ్లు సంతోషపడ్డారు. అది తప్పని ఎవరికీ తోచలేదు. చదువుకున్న పిల్ల పెట్టింది కదా.

విద్యావతికి ఇప్పుడు మొత్తం అర్థమైంది. ఏ పండుగకు ఎన్ని తాళాలు పడతాయో, తాళం పడని గదిలో ఎవరుంటారో, ఆ పిల్ల ఏ మాటకు వేలు ఇస్తుందో అంతా కనుక్కుని మరీ వచ్చాడు వాడు. పేదవాళ్లు ఒకరికొకరు చేసుకునే సాయాన్ని పట్టుకుని వాళ్ల మెడకే ఉరి పేనాడు.

ఆమె తల తిప్పేసరికి పీరయ్య గదిలోంచి ఇనుప పెట్టె మోసుకొచ్చి అరుగు కింద పెట్టాడు. మళ్లీ లోపలికి వెళ్లి గ్యాసు పొయ్యి పట్టుకొచ్చాడు. ఎవరూ చెప్పలేదు. పక్క గదిలో ముసలామె కూడా, పిల్ల బాగుంటే చాలంటూ చాప చుట్టడం మొదలుపెట్టింది.

"నాయినా, లోపల పెట్టు," అంది ప్రేమ. అతను వినలేదు. ఆమె పోయి పొయ్యికి అవతలి కొస పట్టుకుంది. ఇద్దరూ దాన్ని పట్టుకునే నిలబడ్డారు. ప్రేమ అక్కణ్నుంచే ఎస్సైతో మాట్లాడింది. 

"రాయండి సార్. ఏలు నాదే. ఏడిండ్లకు నేనే పెట్టిన. ఏమని పెట్టిచ్చుకున్నడో అది గూడ రాయండి."

"సాక్షి ఎవరమ్మా?" అన్నాడు నగేష్. "అందరు ఊరికి పోయిరి గదా."

ఆ మాట నోటి నుంచి వచ్చిన క్షణమే విద్యావతి అతని వైపు తిరిగింది. ఆమె గొంతు ఎంత తగ్గిందంటే రైటరు పెన్ను ఆపి చెవి ఒగ్గాడు.

"మళ్ల చెప్పు నగేష్. ఆ రోజు అందరు ఊరికి పోయిండ్రా?"

 విద్యావతి తన ఫోన్‌లో ప్రమాణపత్రం ఫొటో తెరిచి ఎస్సైకి చదివి వినిపించింది. ఏడుగురు కిరాయిదారులూ స్వయంగా నా ఎదుట నిలబడి. ఆ ఏడుగురిలో అయిదుగురు మగవాళ్లు. ఏడుగురు నిలబడ్డారని జడ్జి ముందు ప్రమాణం చేసినవాడి సొంత ఫోన్‌లో, అదే రోజు, అదే సమయానికి, ఒకే ఒక్క పిల్ల కూర్చుని ఉంది. ప్రమాణమైనా అబద్ధం కావాలి, వీడియో అయినా అబద్ధం కావాలి.

"వీడియో నిజం అని నువ్వే అంటివి. ఎస్సై గారూ, ఆ ఫోన్ వాపస్ ఇయ్యకండి."

ఫోన్ అందుకోవడానికి నగేష్ చేయి చాపాడు. ఇంద్రసేన దాన్ని జేబులో వేసుకున్నాడు. తన మెడకు చుట్టుకునేది ఎటువైపు ఉందో అతనికి ఇప్పుడు తెలిసింది. లారీని వెనక్కి పంపించాడు. కోర్టు మళ్లీ చెప్పేదాకా ఒక్క గిన్నె కూడా కదలకూడదని లారీవాళ్లకూ బిల్డర్ మనిషికీ వినబడేలా అన్నాడు. నగేష్ ఫోన్ కోసం అడిగాడు, బెదిరించాడు, చివరికి అక్కా అని పిలిచాడు. విద్యావతి అతని వైపు చూడలేదు. పాతికేళ్ల లెక్క ఆ పూటకు సరిపోయిందనుకుంది.

అంతా అయిపోయిందనుకుని ఆమె ఇంకు ప్యాడు సంచిలో సర్దుతుండగా ఇంద్రసేన టోపీ సరిచేసుకుంటూ దగ్గరికొచ్చాడు. నగేష్‌ను స్టేషన్‌కు తీసుకుపోతున్నాను, పిల్లను కూడా తీసుకుపోవాలి అన్నాడు. మోసపోయి పెట్టిన పిల్ల కదా అని ఆమె అడ్డం పడింది. అది కోర్టులో తేలుతుంది మేడం అన్నాడు అతను. ఇతరుల పేరున వేలు పెట్టానని పంచుల ముందు ఆమె నోటితోనే చెప్పింది. ఆ ముద్రలు ఏడుగురివీ కావని పంచనామా రాయించింది మీరు. రెండు పేర్లూ ఒకే ఎఫ్ఐఆర్‌లో పడతాయి, నేను తీసెయ్యలేను. ఆమె వాదించింది. శుక్రవారం దాకా ఆగమంది. జీవితంలో మొదటిసారి ఒక పోలీసును బతిమాలింది. అతను నేల చూపులు చూస్తూ విన్నాడు కానీ మాట మార్చుకోలేదు.

ప్రేమ చేతులు కడుక్కుని, దుపట్టా సర్దుకుని జీపు ఎక్కింది. ఏడవలేదు. పీరయ్య ఆమె పక్కన ఎక్కబోతే కానిస్టేబుల్ వెనక ఆటోలో రమ్మన్నాడు.

విద్యావతి ఫోన్ మోగింది. ఉదయశ్రీ. పొద్దుటి నుంచి ఆమెది అది ఆరో కాల్. ప్రమాణపత్రం అబద్ధమని తేలిందని విద్యావతి చెప్పగానే, ఇక నా ఫ్లాటు నిలబడ్డట్టే కదా, మా ఇంట్లో అందరం సంతోషంతో ఏడుస్తున్నాం మేడం, మీ మేలు మరిచిపోం అంటోంది. విద్యావతి అవునని ఒక్క మాట చెప్పి పెట్టేసింది.

బీరమ్మ దగ్గరికొచ్చి నిలబడింది. బయట పెట్టిన ఇనుప పెట్టె ఇంకా అరుగు కిందే ఉంది.

"ఎవలమ్మా ఫోన్ల?"

"ముందటి ఫ్లాటు కొన్నామె," అంది విద్యావతి. "ఈ పనికి నన్ను పెట్టుకున్నది ఆమెనే."

బీరమ్మ కాసేపు ఆ ఫోన్ వైపు, తర్వాత విద్యావతి ముఖం వైపు చూసింది.

"మరి మేమైతే నిన్ను పిల్వలేదు గదమ్మా," అంది.

జీపు సందు మలుపు తిరిగింది.  బీరమ్మ విద్యావతిని తప్పించుకుని పక్క నుంచి నడిచి, ఆటో కోసం రోడ్డు మీదికి వెళ్లిపోయింది.